గడువు దాటిన కబురు

“ఒక్క కబురు దారిలో పడిపోయినా ఒక పసిగుడ్డు ప్రాణం పోవచ్చక్కా. నాకు భయంగా ఉంది.”

ఆ భయం యీజెన్‌ది. ఇంట్లో పాలు తాగే కూతురున్న తల్లి. షిన్‌చూ నగరంలో ఆమె పనిచేసే కంపెనీ ఆసుపత్రులకు యంత్రాలు తయారుచేస్తుంది. పసిపిల్లల వార్డులో ఊయల పక్కనున్న యంత్రం మోగితే, నర్సు చేతిలోని పరికరానికి ఆ కబురు చేరాలి. దాన్ని మోసే సాఫ్ట్‌వేర్లు రెండు పోటీలో ఉన్నాయి. ఒకటి నేరుగా అందిస్తుంది, అందకపోతే వదిలేస్తుంది. రెండోది మధ్యలో దాచుకుని, అందేదాకా పట్టు విడవదు. ఏది వాడాలో సాయంత్రంలోగా యీజెన్ తేల్చాలి. ఆమె మనసంతా రెండోదాని మీదే.

యీజెన్ అక్కా అని పిలిచే పెంగ్ రుయ్‌లాన్, యంత్రాలను పరీక్షించే గదికి పెద్ద. జూడోంగ్ కొండల్లోని హక్కా జాతి మనిషి. కొత్త యంత్రం వస్తే అందరూ మీట నొక్కి చూస్తారు, ఆమె తీగ పీకి చూస్తుంది.

“భయపడటం తర్వాత. ముందు వీటిని కాస్త ఏడిపిద్దాం పట్టు,” అంటూ నర్సు పరికరం తీగ పీకేసి, పరీక్షకని గదిలో పెట్టిన వార్డు యంత్రాలను వరసగా మోగించింది. ఇద్దరూ టీ తాగాక తీగ మళ్లీ పెట్టి, ఇంకో యంత్రాన్ని మోగించింది. మొదటి సాఫ్ట్‌వేర్ ఆ ఒక్క కబురే తెచ్చింది. రెండోది పాతవన్నీ గుమ్మరించింది.

“చూశారా, ఒక్కటీ పోలేదు!” అంది యీజెన్.

“సంతోషం. ఇప్పుడు ఏడుస్తున్న పిల్ల ఎవరో చెప్పు మరి.”

యీజెన్ తెర కిందికి జరుపుతూనే ఉంది. అసలు కబురు అట్టడుగున ఉంది.

రుయ్‌లాన్ నవ్వింది. వయసులో ఉండగా, సెల్‌ఫోన్లు రాకముందు, జేబులో మోగి కబురు చూపే పేజర్ల కంపెనీలో ఆమె పనిచేసింది. ఓసారి తుఫానుకు టవర్ కూలింది. రోజుల తర్వాత మళ్లీ నిలబెట్టగానే ఆగిన కబుర్లన్నీ ఒక్కసారి మోగాయి. ‘నొప్పులొస్తున్నాయి, పరుగున రా’ అన్న అక్క కబురు వాటిలో ఒకటి. బాలింతకు పెట్టే నువ్వుల నూనె కోడిపులుసు వండి, గిన్నె పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తింది. అక్క అక్కడ లేదు. ఇంట్లో పిల్లాడికి నీళ్లు పోస్తోంది.

“‘ఇంకొన్నాళ్లు ఆగకపోయావా, వాడే బస్సెక్కి ఎదురొచ్చేవాడు’ అంది మా అక్క. పులుసు మాత్రం గిన్నె నాకేసింది.”

యంత్రం అలగకుండా అక్కడి ఆచారం ప్రకారం దాని నెత్తిన పెట్టిన ఆకుపచ్చ చిరుతిళ్ల పొట్లాన్ని రుయ్‌లాన్ తీసి చూపించింది.

“దీని గడువు తీరకముందే మార్చేది నువ్వేగా? తిండికి చూసే గడువు కబురుకి చూడవేం?”

యీజెన్ కుర్చీ ముందుకి లాక్కుంది. రెండోదానిలో ప్రతి కబురుకీ గడువు పెట్టే వీలుందా? ఉంది, ఆమె ఎన్నడూ తెరవని మూల. గడువు పెట్టింది. నర్సు పరికరం నుంచి జవాబు రాకపోతే వార్డు బల్ల మీది గంట వెంటనే మోగేలా చేసింది. ఈసారి తీగ తనే పీకింది. గంట మోగింది. తీగ పెట్టాక, ఇప్పుడు ఏడుస్తున్న పిల్ల ఒక్కతే తెర మీదికొచ్చింది.

“దీన్నే వాడదామక్కా. ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.”

“ఇంట్లో కూడా అంతే,” అంది రుయ్‌లాన్. “కబురొస్తే ముందు ఎప్పటిదో చూడు. ఇప్పుడెలా ఉందో అడుగు. ఆ తర్వాతే పరిగెత్తు.”

అత్తగారి దగ్గర్నుంచి ‘పిల్ల ఏడుస్తోంది’ అని ఫోన్‌లో కబురొచ్చినప్పుడల్లా, యీజెన్ ఇప్పుడు ఆ వరసలోనే కదులుతోంది. చెప్పులు వేసుకునేది చివరనే.