కౌన్సిలింగుకు సాక్షిని తోలుకపోయిన పేషీ

ముందుగాలనే ఒప్పుకుంటున్న. నేను ఏది చెప్పినా అందుల సగం తీసేసి వినాలె. మా ఇంట్ల గట్లనే వింటరు. "గల్లీల పులొచ్చింది" అని నేను ఉరికొస్తే, మా ఆవిడ పద్మ బియ్యం ఏరుడు ఆపకుండ "పిల్లినా, కుక్కనా?" అని అడుగుతది. ఇప్పుడు చెప్పబోయే ఘోరం మాత్రం, ప్రపంచం పుట్టిన కాడినుంచి ఏ కౌన్సిలింగు సెంటర్ల జరగని ఘోరం. మీరు ఎంత తీసేసి విన్నా ఇంకా మస్తు మిగులుతది. అందుల ఒక్క ముక్క మాత్రం నేను పూర్తిగ కల్పించిన. ఏ ముక్కనో ఆఖరికి నేనే చెప్త.

నేను నయాపూల్ కోర్టుల దగ్గర ఒక వకీలు సాబ్ కింద గుమస్తాను. ఎవరికి వాయిదా పడ్డది, ఎవరి సాక్షి రాలేదు, పొద్దంత ఇదే పని. సాయంత్రం లాల్‌దర్వాజాకు వస్తే నాకు ఇంకో కొలువుంది. మైకు. పెండ్లైనా, తొట్టెల ఫంక్షనైనా "శంకరన్నా, రెండు ముక్కలు చెప్పరాదే" అంటరు. ఆ రెండు ముక్కలు అయిపోయేసరికి బిర్యాని చల్లారుతది, చిన్నపిల్లలు పెద్దోళ్లయితరు, వంటాయన గంటె పట్టుకొని నా దిక్కు అదోరకంగ చూస్తడు.

మా బామ్మర్ది కొడుకు రిసెప్షన్ల గూడ గట్లనే మైకిచ్చిండ్రు. మా బిడ్డ సింధు చిన్నప్పటి ముచ్చటొకటి ఎత్తుకున్న. ఉన్నదానికి ఇంత ఉప్పు, ఇంత కారం, మీదికెల్లి నిమ్మకాయ గూడ పిండిన. ఫంక్షన్ హాల్ పైకప్పు లేచి చార్మినార్ మీద పడ్డది. పెండ్లికొడుకు నవ్వి నవ్వి ఆ సింహాసనం కుర్చీలకెల్లి జారిండు.

ఆ ముచ్చట ఏందో మీకు తెలుసుకోవాలని ఉన్నది. నాకు తెలుసు. కొంచెం ఆగండ్రి.

ఆ దినం సంది సింధు నాతోని మాట్లాడుడు బంద్. డిగ్రీ చదివే పిల్ల, అరుపులు లేవు, ఏడుపులు లేవు. నేను ముందట్నే కూసొని ఉంట. "మమ్మీ, డాడీకి చాయ్ పెట్టిన అని చెప్పు" అంటది. పద్మ కోర్టు నోటీసు అందిచ్చినట్టు నా దిక్కు తిరిగి "చాయ్ పెట్టిందట" అంటది. "థాంక్స్ అని చెప్పు." "థాంక్స్ అంటుండు." మా ముగ్గురి మధ్యల రెండు కుర్చీల దూరం, మాట మాత్రం ఢిల్లీ దాక పోయి వస్తుండె.

మొదట్ల నవ్వొచ్చింది. ఇదిగూడ మైకుల చెప్పొచ్చు అనుకున్న, సిగ్గులేకుండ. తర్వాత ఒక దినం, సింధుకు కాలేజీల ఏదో ప్రైజు వచ్చిందని కింది పోర్షన్ల కిరాయికుండే అక్క నోట విన్న. మా ఇంట్ల పుట్టిన వార్త మెట్లు దిగి, మళ్ల ఎక్కి నా దగ్గరికి వచ్చింది.

"ఏం జేస్తే మాట్లాడుతదో అడుగు" అన్న పద్మతోని.

జవాబు వంటింట్లకెల్లే వచ్చింది. "ఎవరన్న థెరపిస్టు దగ్గర కూసొమ్మను మమ్మీ. ప్రతిదాన్ని జోకెందుకు చేస్తడో తెల్సుకొని రమ్మను. అప్పుడు మాట్లాడత."

థెరపిస్టు దగ్గర ఏం జేస్తరో నాకేం ఎరుక? సలీం భాయ్‌ని అడిగిన. సలీం భాయ్ నా చిన్ననాటి దోస్తు. గాజుల దుకాణం. గాజు తొడిగేటప్పుడు ఆడోళ్లను నవ్విచ్చుడు ఆయనకు అలవాటు, చెయ్యి నొయ్యకుండ.

"మా అల్లుడు ఒకసారి పోయొచ్చిండు భాయ్," అన్నడు. "గంటసేపు మనం మాట్లాడుతుంటే ఎదుటోళ్లు వింటరట. మధ్యల ఆపరట."

"ఆపరా?"

"ఆపరు."

"మైకుంటదా?"

"పాగల్ గానివా ఏంది? తలుపేసి కూసుంటరు. ఇద్దరే."

నా బుర్ర ఇగ కోర్టు దిక్కు ఉరికింది. ఫిర్యాదున్నది. రెండు పార్టీలున్నయి. సంబంధం లేని ఒక చదువుకున్న మనిషి నడుమ కూసొని వింటది. ఇది పేషీ కాకపోతే ఇంకేంది? పేషీకి సాక్షి లేకుండ పోయేటోన్ని నేను జీవితంల క్షమించలె.

"సలీం భాయ్, నువ్వు రావాలె. రిసెప్షన్ల నువ్వున్నవు. 'అది ఉట్టి జోకే, హాలంత నవ్వింది' అని చెప్పు, చాలు."

"కసమ్ తినాల్నా?"

"తినుమంటే తిను."

మలక్‌పేట దాక స్కూటర్ మీద నేర్పిచ్చుకుంట తీస్కపోయిన. సిగ్నల్ పడ్డ కాడల్లా ఎన్కకు తిరిగి "ఏం చెప్తవ్?" అంటే, "ఉట్టి జోకే, హాలంత నవ్వింది" అని ఎంత గట్టిగ చెప్పిండంటే పక్క ఆటోల ముసలామె "ఏం జోకు బిడ్డా?" అని అడిగింది.

అద్దాల దుకాణం మీద మొదటి అంతస్తు. టోకెన్ లేదు, తొక్కులాట లేదు, పేరు పెట్టి అరిచే జవాను లేడు. మేడమే తలుపు తీసింది. నూలు కుర్తా, మా సింధు కంటె నాలుగేండ్లు పెద్దగుంటదేమో. బల్ల మీద ముక్కు తుడ్సుకునే కాగితాల డబ్బా.

"రండి సర్. మీతో వచ్చినవారు?"

"సాక్షి."

"దేనికి సర్?"

"నేను తప్పు చెయ్యలేదనేదానికి."

సలీం భాయ్ చెయ్యి ఎత్తనే ఎత్తిండు, కసమ్ తినడానికి.

మేడం నవ్వలె. మా వకీలు సాబ్‌ను జీతం పెంచమని అడిగినప్పుడు తప్ప, నా ముందట అంతసేపు నవ్వకుండ ఉన్న మనిషిని నేను చూడలె.

"ఇది కోర్టు కాదు సర్. ఎవరిది తప్పో నేను చెప్పను. మామూలుగా ఇక్కడ ఒక్కరే కూర్చుంటారు. మీరు చెప్పింది ఈ గది దాటదు, ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉందనిపిస్తే తప్ప. మీ స్నేహితుడు లోపల ఉండాలా, బయట కూర్చోవాలా అన్నది మీ ఇష్టం."

"ఉండాలె. మరి తీర్పు?"

"ఉండదు."

"తీర్పు లేకుండ గంటసేపు ఏం జేస్తరు మేడం?"

"ఈరోజు మిమ్మల్ని తెలుసుకుంటాను. మీరు కూడా నన్ను ఏమైనా అడగొచ్చు. నాతో కుదరదనిపిస్తే చెప్పండి, ఇంకొకరి దగ్గరకు పంపిస్తాను."

నాకు నోరు తెరుచుకున్నది. మా కోర్టుల జడ్జిని మార్చాలంటే పిటిషన్లేసి, తిరిగి తిరిగి, జుట్టు తెల్లబడుతది. ఇక్కడ జడ్జే మార్చుకొమ్మంటుంది!

సరే, నా పని నేను మొదలుపెట్టిన. రిసెప్షన్ ముచ్చట మొత్తం చెప్పిన, గొంతులు మార్చి, చేతులు తిప్పి, ఒకసారి లేచి నిలబడి గూడ. ఆఖరి ముక్క దగ్గర ఆగి, నవ్వు కోసం జాగ ఇడిసిన. అలవాటు.

"ఆ తర్వాత?" అన్నది మేడం.

"ఆ తర్వాత అందరు నవ్విండ్రు."

"మీ అమ్మాయి?"

"మా అమ్మాయికేంది?" అన్న.

"మీరు చెప్తున్నప్పుడు ఆమె ఏం చేస్తోంది?"

వంటాయన గంటె యాదికున్నది. పెండ్లికొడుకు జారుడు యాదికున్నది. నా బిడ్డ ఏడ కూసున్నదో యాదికి రాలె. ఎంత వెతికినా ఆ హాల్ల నా బిడ్డ మొఖం దొరకలె. గప్పుడు మొదటిసారి, నాకు తెలవనిదాన్ని తెల్సుకోవాలని అనిపిచ్చింది.

"సలీం భాయ్, చెప్పు. నవ్వింది కదా?"

సలీం భాయ్ ఎత్తిన చెయ్యి దించిండు.

"నవ్వలే భాయ్."

"ఏంది?"

"నువ్వు స్టేజీ మీదున్నవు. నేను ఆమె పక్క బల్లనే. చేతిల ఐస్‌క్రీం పట్టుకొని ఉండె. అది కరిగి మోచెయ్యి దాక కారుతున్నది. కింద పెడితే కదిలినట్టయితదని, గట్లనే పట్టుకొని కూసున్నది. అందరు ఆమె దిక్కే సూస్తుండ్రి కదా."

"మరి నాకెప్పుడు చెప్పలేదేందిరా?"

"నువ్వెప్పుడు అడిగినవ్?"

"దారి పొడుగూత నేర్పిచ్చిన గదరా!"

"నువ్వు నేర్పిచ్చింది జోకు గురించి భాయ్. మేడం అడిగింది పిల్ల గురించి."

హోస్టైల్! నా సాక్షి, నా స్కూటర్ ఎక్కి వచ్చినోడు, నా కండ్ల ముందట హోస్టైలయిండు! కోర్టుల వందమంది సాక్షులు తిరగబడంగ చూసిన, గిసుంటి దెబ్బ చూడలె.

"మీకు ఈ మైకు అలవాటు ఎప్పటినుంచి సర్?" అని మేడం మెల్లగ అడిగింది.

నేను నోరు తెరిచేలోపల సలీం భాయ్ ఏడ్వబట్టిండు. మూసీ పొంగినట్టు. డబ్బాలకెల్లి కాగితం మీద కాగితం గుంజుతుండు. "చిన్నప్పుడు నాకు నత్తి మేడం. ఇంటికి చుట్టాలొస్తే మా అబ్బా నన్ను నిలబెట్టి పాఠం చదివిచ్చేటోడు. అందరు నవ్వేటోళ్లు. అబ్బా గూడ నవ్వేటోడు. అప్పుడే అనుకున్న, వాళ్లు నవ్వేలోపల నేనే నవ్వియ్యాలె అని." డబ్బా ఖాళీ అయింది. మేడం ఇంకోటి తెచ్చి పెట్టింది.

ఆఖరికి "టైమైంది సర్" అన్నది.

"వాయిదా ఎప్పటికి?"

"వచ్చే వారం. కొన్నిసార్లు చూద్దాం. ఉపయోగపడుతోందో లేదో మీరే చెప్పాలి."

"సాక్షిని..."

"వద్దు సర్," అని మేడం నవ్వింది. ఆ ఒక్క నవ్వు కోసం నేనేం చెయ్యలె. అదే వచ్చింది.

ఇంటికి పోయేసరికి సింధు తలుపు తీసింది. పద్మ నడుమకు రాబోతుంటే ఆగుమన్న.

"ఐస్‌క్రీం సంగతి నాకు తెల్వదు బిడ్డా. నేను చూడలె."

సింధు ఈసారి మమ్మీ దిక్కు తిరగలె. తర్వాత నాతోని, నేరుగ నాతోనే, ఒక మాటన్నది. ఆ మాట రాయొచ్చా అని అడిగిన. వద్దన్నది. రాస్తలేను.

ఇది అచ్చుకు పోకముందు గూడ ఆమెకే చదవనిచ్చిన. మీరు ఇందాకటి సంది ఎదురుచూస్తున్న రిసెప్షన్ ముచ్చట చెప్పను. అది నాది కాదు, ఆమెది. వినాలనుంటే ఆమెను అడగండ్రి. చెప్పదు.

ఇగ ప్రమాణం. చార్మినార్ సాక్షిగా, మూసీ సాక్షిగా... ఆగండ్రి, మళ్ల సాక్షులను పిలుస్తున్న. ఏ సాక్షీ లేకుండనే చెప్తున్న. ఇక మీద కౌన్సిలింగుకు ఒక్కన్నే పోత. అడగకుండ ఎవరి ముచ్చటా మైకుల ఎత్తను. ఎత్తితే బిర్యాని నా వంతుకు అందకుండ పోవుగాక.

కల్పించిన ముక్క చెప్త అన్న కదా. సలీం భాయ్ ఐస్‌క్రీం మాట చెప్పి, మేడం మైకు సంగతి అడగకముందే "కింద చాయ్ తాగుత భాయ్" అని లేచిపోయిండు. ఏడ్సినకాడ తన పేరు పెట్టుకొమ్మని ఆయనే అన్నడు, "నాకేం పోతది" అని.

ఆయనకు చిన్నప్పుడు నత్తి లేకుండె.