కందిచేల దారిలో సారు

ఆ రోజుల్లో అశోక్‌నగర్ హాస్టళ్లలో మాకు పండుగలంటే సర్కారు కొలువుల పరీక్షల వాయిదాలే. వాయిదా పడిందని తెలిసిన సాయంత్రం చిక్కడపల్లి గల్లీల్లో తిట్లూ, చాయ్‌లూ సమానంగా నడిచేవి. అలాంటి ఒక వాయిదా మర్నాడు నా రూమ్మేట్ భూగోళం అన్న, "తమ్మీ, ఎన్నేండ్లు నేలల గురించి బట్టీ కొడతం? జర పోయి చూసొద్దాం పా" అన్నాడు. (భూగోళశాస్త్రం నిద్రలోనూ అప్పజెప్పేవాడు కనుక ఆ పేరు. నారాయణగూడ నుంచి దగ్గర్లోని సుల్తాన్ బజార్‌కు మాత్రం దారి అడిగేవాడు.) ఆయనకు వయోపరిమితి దాటిపోతోంది, ఆ పరీక్షే ఆఖరిది. "ఒక్కపారి నన్ను సార్ అంటే వినాలె, తర్వాత ఏదైతే అదైతది" అనేవాడు.

మేం తినే మెస్ నడిపే అక్క స్కూటర్ తీసుకుని, ఉతికిన బట్టలు వేరే లేక ఇంటర్వ్యూ కోసం దాచుకున్న తెల్లచొక్కాలు తొడుక్కుని, తాండూరు దాటి ఒక మట్టిదారిలో పడ్డాం. ఇరువైపులా కందిచేలు, పచ్చటి పూత. మేం ఎక్కడికీ పోవాల్సిన పని లేదు. అంత హాయిగా నేను మళ్లీ ఎప్పుడూ బండి నడపలేదు. అన్న మాత్రం పది నిమిషాలకోసారి బండి ఆపించి, మట్టి వేళ్లతో నలిపి, "నల్లరేగడి, పక్కా" అని తలాడించేవాడు.

అట్ల నలుపుతుండగా చేనులోంచి ఒక అవ్వ పరుగున వచ్చింది. "సారూ, మా ఊరికి రోడ్డు ఎయ్యనీకి వచ్చిండ్రా? నా మనుమరాలు బడికి నడువలేక సస్తున్నది."

నాకు నవ్వు ఆగలేదు. అన్న నవ్వలేదు. చేతి మట్టి దులుపుకుని, "మేం చదువుకునేటోళ్లం అవ్వా, ఆఫీసర్లం గాదు" అన్నాడు. అవ్వ "అయితే అయినంక రా సారూ" అని ఒడిలోని కందికాయలు ఆయన చేతుల్లో పోసింది. తిరుగు ప్రయాణమంతా ఆయన అన్నది ఒక్కటే మాట: "నన్నే అన్నది తమ్మీ, నిన్ను గాదు!"

ఆ పరీక్షలో నేను గట్టెక్కాను, అన్న గట్టెక్కలేదు. ఊళ్లో ఎరువుల దుకాణం పెట్టుకున్నాడు. ఫోన్ చేస్తే ముందు, "అవ్వ ఊరికి రోడ్డు పడ్డదా? జర కనుక్కో" అంటాడు. నాకు ఆ దారి, ఆ పూత, వెనక సీటు మీద ఆయన గొణుగుడు ఎంత గుర్తొస్తాయో చెప్పలేను. ఇప్పుడు ఆఫీసులో రోజంతా నన్ను సార్ అంటారు. అన్నప్పుడల్లా, ఆయన వచ్చాడేమోనని వెనక్కి తిరిగి చూస్తాను.