నీళ్ళలో ఆపకూడని పాట

మొన్న మనవరాలు పార్సిల్ విప్పి, నీళ్ళలోకి దిగేటప్పుడు ముఖానికి పెట్టుకునే అద్దం తీసి నా చేతికిచ్చింది. సరదాకి పెట్టుకుని చూశాను. కొత్త రబ్బరు వాసన ముక్కుకు తగలగానే ఉప్పల్‌లోని మా ఆఫీసు స్టోరు గది, అందులో కూర్చుని రబ్బరు గొట్టాలకు ఓపిగ్గా పౌడరు రాసే రాజారత్నం గారు కళ్ళ ముందుకొచ్చారు. పిల్లేమో అండమాన్‌లో ఏ హోటలు బాగుంటుందో ఫోన్లో వెతుకుతోంది. రాజారత్నం గారి దగ్గర పనిచేసి ఉంటే హోటలు సంగతి చిట్టచివర చూసేది.

అరవైల చివరి మాట. మాదొక ప్రభుత్వ పరిశోధన సంస్థ. సముద్రం అడుగున పరికరాలు దించే పని కోసం గాలి సిలిండర్లు తెప్పించి, వాటి బాధ్యత ఆయనకు అప్పగించారు. అంతకు ముందు ఆయన నౌకాదళంలో డైవరు. భీమిలి మనిషి. నేను ఆయన కింద అసిస్టెంటుని, ఘట్‌కేసర్ పక్క పల్లె నుంచి వచ్చినదాన్ని. ఆదివారాలు ఇద్దరం ఒకే చర్చికి వెళ్ళేవాళ్ళం. ఆయన హార్మోనియం వాయించేవారు, నేను పాడేవాళ్ళలో వెనక వరస. ఎవరైనా శ్రుతి తప్పితే వాయించడం ఆపి చూసేవారు. ఆ చూపు తరచుగా నా మీదే పడేది.

ఏటా సెలవుల్లో ఆయన, భార్య సరోజమ్మ గారు ఏదో ఒక సముద్రానికి వెళ్ళేవారు. ఆ ఏడు, గాలి సిలిండరుతో దిగడం నేర్చుకుంటే నన్నూ తీసుకెళ్తానన్నారు. అప్పటికి నేను సముద్రమే చూడలేదు. దాని అడుగు చూడవచ్చంటే ఎలా ఉంటుంది చెప్పండి. సరోజమ్మ గారు మా ఇంటికొచ్చి అమ్మానాన్నలను ఒప్పించారు. ఇక మిగిలింది, దిగడం వచ్చేసిందని ఆయనను ఒప్పించడమే.

ఎక్కడికి వెళ్దామని ఆయన టీ తాగుతూ అడిగితే, గోడ మీది క్యాలెండరు చూపించి గోవా అన్నాను. ఆయన నవ్వారు. “క్యాలెండరు చూసి సముద్రానికి వెళ్ళకూడదమ్మా. ఆ నెలలో అక్కడ గాలి ఎటు వీస్తుంది, పడవ ఎవరిది, దవాఖానా ఎంత దూరం, ఇవి అడగాలి.” సొంత ఊరు కదా, భీమిలికే తీసుకెళ్తారనుకున్నాం. అలలు ఎక్కువ, నీళ్ళు మసక, కొత్తవాళ్ళకు పనికిరాదని దాన్ని ఆయనే కొట్టిపారేశారు. చివరికి రామేశ్వరం పక్కన మండపం అనే ఊరి దగ్గరి దీవులు ఖాయమయ్యాయి. అక్కడ లోతు తక్కువ, ఆ నెలల్లో నీళ్ళు తేటగా ఉంటాయి, పడవ నడిపేది ఆయన పాత స్నేహితుడు.

నేర్చుకోవడం మాత్రం నాచారంలో, మాకు తెలిసిన రైతు మల్లయ్య మామ దిగుడు బావిలో. మా అన్న చొక్కా, పైజామా వేసుకుని బయల్దేరాను. బావుల్లో ఈదుతూ పెరిగినదాన్ని, ఊపిరి బిగబట్టడంలో మా ఊళ్ళో నన్ను మించినవాళ్ళు లేరు, నాకేం నేర్పుతారులే అన్న పొగరు ఉండేది. ఛాతీ లోతు మెట్టు మీద కూర్చోబెట్టి, గొట్టం నోట్లో పెట్టి మునగమన్నారు. మునిగాను. వెంటనే జబ్బ పట్టి లేపారు.

“బుడగలేవి?”

“ఊపిరి బిగవట్టిన సార్. మాకు చిన్నప్పటి సంది గదే అలవాటు.”

ఆయన ముఖంలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు. కింద సిలిండరు గాలి పీల్చి, దాన్ని బిగబట్టి పైకొస్తే, నీటి బరువు తగ్గేకొద్దీ లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిట్లుతాయట. బావిలో నా ప్రాణం కాపాడిన విద్యే ఇక్కడ ప్రాణం తీస్తుందన్నమాట. అది మానేదాకా సముద్రం మాట ఎత్తవద్దన్నారు.

మానడం అంత తేలికా? పనిమీద ధ్యాస తప్పిందంటే ఛాతీ దానంతటదే బిగుసుకునేది. మల్లయ్య మామ గట్టు మీద నిలబడి, “ఏంది బిడ్డా, ఈతొచ్చిన పిల్లవంటిరి, ఇంకా మెట్ల మీదనే కూసున్నవ్?” అని ఆటపట్టించేవాడు. ఉక్రోషంతో ఏడుపొచ్చేది. ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా అక్కడికే వెళ్ళాం. రాజారత్నం గారికి ఏం తోచిందో, పొద్దున పాడిన పాట నీళ్ళలో కూనిరాగం తీయమన్నారు. పాడేవాళ్ళు ఊపిరి బిగబట్టలేరు కదా. తీశాను. బుడగలు వచ్చాయి. ఆ రోజు మధ్యాహ్నం నన్ను మెట్లు దాటనిచ్చారు.

మండపం చేరిన రోజున గాలి ఎక్కువగా ఉంది, పడవ విప్పేది లేదన్నారు. నేను మూతి ముడుచుకుని అన్నం మానేశాను. ఆయన మాత్రం చేపల పులుసు మళ్ళీ వడ్డించుకున్నారు. మర్నాడు సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంది, దిగాం. కింద పగడాల మధ్య పసుపు చారల చేపలు నన్ను లెక్కచేయకుండా మేస్తున్నాయి. నేను ఒళ్ళు మరిచాను.

ఉన్నట్టుండి గాలి పీల్చడం బరువైంది. సిలిండరు అయిపోవస్తే అలాగే ఉంటుందని, వెనక ఒక కడ్డీ లాగితే అట్టిపెట్టిన గాలి వస్తుందని ఆయన చెప్పే ఉన్నారు. ఏదీ గుర్తు రాలేదు. ఛాతీ బిగుసుకుపోయింది, కాళ్ళు పైకి తన్నబోయాయి. నా బుడగలు ఆగడం చూసి ఆయన నా భుజం అదిమి పట్టి, కడ్డీ లాగి, తన గొంతు మీద వేలితో తట్టి చూపించారు. పాడమని. వణుకుతూనే కూనిరాగం అందుకున్నాను. నా బుడగల కంటే వేగంగా పైకి పోకుండా, నెమ్మదిగా, ఆయన పక్కనే పైకి వచ్చాను.

పడవ అంచు పట్టుకుని ఎగశ్వాసతో ఏడుస్తుంటే ఆయన అద్దం నుదుటి మీదికి జరుపుకున్నారు. “శ్రుతి తప్పావు. కానీ ఆపలేదు,” అన్నారు. చర్చిలో ఎన్నడూ దొరకని మెప్పు అది. ఏడుస్తూనే నవ్వాను.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. కాన్పు గదిలో, మా ఆయన ఆపరేషన్ రోజున దవాఖానా వరండాలో, ఛాతీ బిగుసుకున్నప్పుడల్లా పెదాలు మూసి ఆ రాగమే తీశాను. అంత మంచి మనిషి చేతిలో పడడం నా అదృష్టం.

మనవరాలి చేతిలో ఫోను తీసుకుని పక్కన పెట్టాను. గాలి, పడవ, దవాఖానా సంగతి ముందు కనుక్కోమన్నాను. తర్వాత అద్దం పెట్టుకుని కూనిరాగం తీయమన్నాను. అది నవ్వుతూ మొదలుపెట్టింది. గొంతు అచ్చం నాదే, రెండో చరణానికే పక్కదారి పట్టింది.

“తప్పాను కదా నానమ్మా?” అని ఆగబోయింది.

“తప్పినా సరే,” అన్నాను. “ఆపకు.”