ఉప్మాకూ అదే జవాబు

సొలొమోను గారు లోకంలోని ఏ వస్తువును గురించీ ఉన్నదని చెప్పరు, లేదని చెప్పరు. ఈ ఒక్క ముక్క అర్థమైతే ఆయన సంపూర్ణంగా అర్థమైనట్లే. అది అర్థం కావడానికి నిషితకు నాలుగేళ్లు పట్టింది.

పటాన్‌చెరులోని ఆ మందుల కంపెనీలో నాణ్యతా విభాగంలో చేరిన కొత్తలోనే ఆమెకు ఆయన క్యాంటీన్ గుమ్మంలో ఎదురయ్యారు. ఆయన చేతిలో ప్లేటు, ప్లేటులో ఉప్మా, ఉప్మా మీద పొగలు.

"సార్, లోపల ఉప్మా ఇంకా ఉన్నదా, అయిపోయిందా?"

ఆయన కళ్ళజోడు సవరించుకొని, బోనెక్కిన సాక్షిలాగా పలికారు. "ఉన్నదని చెప్ప. లేదని చెప్ప."

"మీ చేతులనే ఉన్నది గద సార్!"

"ఇది నా ప్లేటు ముచ్చటమ్మా. లోపలి గిన్నె ముచ్చట వేరే."

లోపలి గిన్నె ఖాళీ. ఆ సంగతి వరుసలో చివరిదాకా నిలబడిన తర్వాత వడ్డించే యాదగిరి చెప్పాడు. "సొలొమోన్ సారు ఇప్పుడే పాయె గద మేడం, చెప్పలేదా?" అని పుండు మీద కారం కూడా చల్లాడు.

న్యాయంగా చెప్పాలంటే ఆయన ఉద్యోగం అటువంటిది. కంపెనీ కాగితాలన్నీ కంప్యూటర్లలోకి ఎక్కిన తర్వాత, వాటిని వెతికిపెట్టే వ్యవస్థకు ఆయన నిర్వాహకుడు. తెర మీది గడిలో ఒక మాట కొడితే, ఆ మాట ఉన్న కాగితాలన్నీ వరుసగా వస్తాయి. అయితే ఎవరికి ఏవి చూసే హక్కు ఉన్నదో, వారికి అవి మాత్రమే వస్తాయి. జీతాలు, ఆరోగ్య పరీక్షలు, ఫిర్యాదులు, తయారీ రహస్యాలు హక్కులేని వారికి పేరుకైనా కనిపించకూడదు. ఇన్ని దాచి ఉంచాము అన్న అంకె కూడా కనిపించకూడదు. దాచినది ఉన్నదని తెలిస్తే సగం దొరికినట్లే అని ఆయన సిద్ధాంతం. ప్రతి సోమవారం ఆయన ఒకసారి డ్రైవరు పేరుతో, ఒకసారి ప్యాకింగు కార్మికుడి పేరుతో పరీక్షా ఖాతాలలోకి దిగి, "జీతం" అని వెతికి, ఏమీ రాకపోతే పొంగిపోయేవారు. వెతికినది దొరకనందుకు సంతోషించే మనిషిని నిషిత మరెక్కడా చూడలేదు.

ఈ నియమాన్ని ఆయన కంప్యూటరు దగ్గర వదిలి ఇంటికి వెళ్లి ఉంటే ఎవరికీ బాధ ఉండేది కాదు. కంపెనీ కుటుంబాల వేడుక నాడు ఆయన భార్య సౌభాగ్యమ్మ నిషిత చేయి పట్టుకొని వాపోయింది.

"గ్యాస్ బండ తెచ్చెటోడు ఈయనకు ఫోన్ చేసి, ఇంట్ల ఎవరన్న ఉన్నరా సార్ అన్నడట. ఈయన గదే పాట పాడిండు. వాడు బండ మల్ల తీస్కపోయిండు బిడ్డా! నేనేమో ఇంట్లనే కూసున్న, పొయ్యి మీద పప్పు సగం ఉడికింది."

"మీరేమన్నరు అత్తమ్మా?"

"ఏమంట? రాత్రి అన్నం ఉన్నదా అనడిగిండు. సూస్కో పో అన్న."

పక్కనే ఉన్న సొలొమోను గారు ఈ ఉదంతాన్ని ధ్రువీకరించలేదు, ఖండించలేదు.

నిషిత సహనం పూర్తిగా అడుగంటింది మాత్రం తనిఖీ అధికారులు వస్తున్నారన్న వారంలో. మందు కలిపే యంత్రాన్ని కడిగిన తర్వాత చేసి ఉండవలసిన పాత పరీక్ష నివేదిక ఒకటి ఆమెకు కావలసి వచ్చింది. వెతికితే తెర ఖాళీగా వచ్చింది. నివేదికే లేదా, ఉండి తనకు హక్కు లేదా? లేకపోతే పరీక్ష మళ్లీ మొదలుపెట్టాలి. ఉంటే అనుమతి తెచ్చుకోవాలి. ఆమె సొలొమోను గారి గదికి పరుగెత్తింది.

"ఉన్నదని చెప్ప, లేదని..."

"సార్, జెర దయచేయండి. ఎవరిని అడగాల్నో అదన్న చెప్పండి."

"యజమాని పేరు చెప్తే, ఉన్నదని చెప్పినట్లే గదమ్మా."

ఆమె పళ్లు నూరుకుంటూ ఐదు విభాగాల అధిపతులకూ అనుమతి కోసం రాసింది. ఐదుగురూ ఉదారంగా ఇచ్చారు. ఆమె మళ్లీ వెతికింది. అటువంటి నివేదిక పుట్టనే లేదు. లేని కాగితానికి ఐదు అనుమతులు సంపాదించిన ఘనత ఆ కంపెనీలో ఆమెకే దక్కింది.

"కనీసం లేనిదాన్నన్న లేదని చెప్పొచ్చు గద సార్!" అని ఆమె దాదాపు ఏడ్చింది. ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో ఓపికగా తుడుచుకున్నారు. అదే జవాబు.

ఆమె పై అధికారి దశరథ్ ఈ కథ విని గంటసేపు నవ్వాడు. "ఆయన మనిషి గాదు నిషితా, మూసిన తలుపు," అన్నాడు. ఆ ఒక్క విషయంలో మాత్రం వారిద్దరికీ ఏకాభిప్రాయం ఉండేది. మిగతా వేటిలోనూ కుదరకనే దశరథ్ నుంచి తప్పించుకోవడానికి నిషిత రహస్యంగా ప్రయత్నిస్తున్నది.

అదే కంపెనీకి సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాలు తయారుచేసే కొత్త విభాగం ఉన్నది. అక్కడి సూక్ష్మజీవుల ప్రయోగశాలలో ఒక ఖాళీ పడింది. సూక్ష్మజీవశాస్త్రమే చదివి, ఇక్కడ లేబుళ్ల మీది అక్షరాలు సరిచూస్తున్న నిషిత దానికి దరఖాస్తు పెట్టుకున్నది. ఆ దరఖాస్తులు కూడా సొలొమోను గారి వ్యవస్థలోకే చేరుతాయి. ఈ సంగతి ముందే తెలిస్తే దశరథ్ ఏం చేస్తాడో ఆమెకు తెలుసు. అంతకుముందు తమ విభాగంలోనే పనిచేసే రాకేష్ ఇలాగే పెట్టుకుంటే, "ఈ పిల్లగాడు లేకుంటే నా విభాగం నడవది" అని పైవారికి చెప్పి ఆపించి, ఆ లేకపోతే నడవని పిల్లవాణ్ని గోదాములో పీపాలు లెక్కపెట్టడానికి పంపాడు.

ఎంపిక జరగవలసిన వారం. దశరథ్‌కు ఎక్కడో వాసన తగిలింది. "పద నిషితా, ఒక సంగతి తేల్చుకుందాం," అని ఆమెనే వెంటబెట్టుకొని సొలొమోను గారి గదిలోకి నడిచాడు.

"సొలొమోనన్నా, సీదా అడుగుతున్న. మా విభాగపోల్లు ఎవరన్న సుల్తాన్‌పూర్‌కు దరఖాస్తు పెట్టిన్రా? పేరొద్దు. ఉన్నదా, లేదా?"

నిషిత గోడ మీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టింది. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. చెప్పకూడదు అన్నా చాలు, చెప్పకూడనిది ఏదో ఉన్నట్లే.

సొలొమోను గారు కళ్ళజోడు సవరించుకున్నారు.

"ఉన్నదని చెప్ప. లేదని చెప్ప."

దశరథ్ ఆయన ముఖంలోకి పరీక్షగా చూశాడు. ఆ ముఖంలో ఏమున్నది? ఉప్మా నాడు ఏమున్నదో అదే ఉన్నది.

"నిన్నడిగిన నాకు బుద్ధి లేదే!" దశరథ్ నుదురు కొట్టుకున్నాడు. "ఉప్మాకు గదే జవాబు, దరఖాస్తుకు గదే జవాబు. ఉట్టిగ పరేషాన్. ఏం లేనట్టుంది, పద నిషితా."

అతడు వెళ్లిపోయాడు. నిషిత కదలలేదు. దాచవలసినప్పుడు మాత్రమే నోరు మూసుకునే మనిషైతే, ఈ రోజు ఆ మూసిన నోరే తనను పట్టించి ఉండేది. ఉప్మా నుంచి గ్యాస్ బండ దాకా ఊరందరి తిట్లూ తిని ఆయన ఆ మాటను అరగదీసి పెట్టుకున్నది, అవసరమైన నాడు అందులో ఎవరికీ ఏ అర్థమూ దొరకకుండా ఉండటానికన్నమాట. తానేమో దానికే ఏడ్చింది.

పదిరోజులకు ఆమె ఎంపికైనట్లు కబురు వచ్చింది. తల్లి పుష్పమ్మ చేత తీపి గరిజెలు చేయించి, డబ్బా పట్టుకొని ఆమె తిన్నగా ఆయన గదికే వచ్చింది.

"మీ మేలు మరిచిపోను సార్. మీరు నా దరఖాస్తు చూసి గూడ ఆ రోజు బయటపెట్టలేదు."

"నేను చూడలేదమ్మా."

అంత సూటి మాట ఆయన నోట విని నిషిత తడబడింది. "చూడలేదా? మొత్తం నడిపేది మీరే గద సార్?"

"తాళాలు బిగించెటోన్ని. తాళంచెవులు నా జేబుల ఏసుకొని తిరుగుతనా? ఆ దరఖాస్తుల ఫోల్డర్ నాకు గూడ కనపడకుంట నేనే పెట్టించుకున్న."

"మరి నాకోసం గాదా?"

"ఎవరికోసమో నాకేం తెలుసు? ఎవరిదన్న ఉంటే ఉంటది." ఆయన గరిజె సగం కొరికి ఆగారు. మిగిలిన సగం మూత మీద పెట్టి, లేచి తలుపు దగ్గరగా వేసి, ఆమెకు కుర్చీ జరిపారు. ఏళ్ల తరబడి ఆపుకున్న మనిషిలాగా, ప్రశ్నలన్నీ ఒక్క గుక్కలో వచ్చిపడ్డాయి.

"ఇంతకూ ఏం ఉద్యోగమమ్మా అది? ఎప్పుడు పెట్టినవ్? దశరథ్ మొహం ఎట్ల పెట్టిండు?"

నిషిత కూర్చుని, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.