గంజి పెట్టిన కొప్పు

శనివారం మధ్యాహ్నం మూడయ్యేటప్పటికి మా ఇంట్లో జెల్ డబ్బా మూత తెరుచుకుంటుంది, ఆ వాసన హాలంతా కమ్ముకుంటుంది. తెన్‌కాశి రోడ్డులో సెల్‌ఫోను అంగడి మేడ మీద ఈ ఏడు బ్యాలే క్లాసు పెట్టినారు. మదురై నుంచి ఒక మిస్సు వారానికొకసారి బస్సులో వచ్చి నేర్పుతుంది, మా పాప నిత్య దాంట్లో చేరింది. ఆ మిస్సుకు కొప్పంటే కొప్పే ఉండాల. నడినెత్తిన గుండ్రంగా, వల చుట్టి, చెవుల పక్క ఒక్క వెంట్రుక కూడా లేవకుండా! నేను పాపను స్టూలు మీద కూర్చోబెట్టి, తల తడిపి, జెల్ పూసి, లాగి లాగి దువ్వుతాను. డబ్బా మీద ఏదో పువ్వు బొమ్మ వేసిండారు గానీ, ఆరేటప్పుడు నాకు పువ్వు వాసన రాదు. పులిసిన గంజి వాసన వస్తుంది.

నేను పెరిగింది మగ్గాల వీధిలో. బ్యాండేజ్ గుడ్డ నేసే పవర్ మగ్గాలు తెల్లారి మొదలైతే, పక్కనున్న మనిషితో కూడా అరిచి మాట్లాడాల, అందుకే మా వీధి వాళ్ళు పెండ్లికి పోయినా తగాదాకు వచ్చినట్టే మాట్లాడేవాళ్ళు. మా నాయన నూలుకు గంజి పెట్టే సైజింగ్ షెడ్డులో పని చేసినాడు; ఆయన చొక్కా, తలగుడ్డ, చివరికి సాయంత్రం ఆయన తెచ్చే పకోడీ పొట్లం కూడా గంజి వాసనే. ఎండకాలం తోపుల నుంచి మామిడికాయలు బండ్ల మీద వచ్చేవి, వానలు మొదలయ్యే ఆడి నెలలో కొండ మీది మబ్బు దిగి పలచగా సారల్ తుంపర జల్లితే, ఆరేసిన గుడ్డ ఎవరిదని చూడకుండా వీధంతా పరిగెత్తి లోపల వేసేది, మేము పిల్లోళ్ళం ఆ సందట్లో ఖాళీ నూలు కండెలు ఎత్తుకొచ్చి తిన్నె మీద కోటలు కట్టేవాళ్ళం. మా అమ్మ పగలంతా వాకిట్లో కూర్చొని బ్యాండేజ్ చుట్టలు చుట్టేది. ఆమె చేతులు ఆగి నేను చూసింది లేదు. నాతో మాట్లాడినా గుడ్డ వైపు చూస్తానే మాట్లాడేది.

నాకు ఎనిమిదేండ్లప్పుడు అమ్మ నన్ను భరతనాట్యం క్లాసులో చేర్చింది. తనకు చిన్నప్పుడు ఆశ ఉండిందంట, మా తాత "ఆడపిల్ల స్టేజెక్కి ఆడేదేమి?" అన్నాడంట, అంతటితో సరి. నా జుట్టు కురచ, పైగా ఉంగరాలు, ఎంత నూనె పెట్టినా పొగరుగా లేచి నిలబడేది. "తల ఇట్ల రేగగొట్టుకొని వస్తే వాకిట్లోనే నిలబెడతాను" అని టీచరు చెప్పి పంపినాక, అమ్మ నాయనను అడిగింది, "నూలుపోగు లేవకుండా గంజి పెడతారు గదా, వెంట్రుక మాత్రం లేస్తాదా?" నాయన పడీ పడీ నవ్వినాడు. "పిల్లను గూడా మగ్గానికెక్కిస్తావేమే?" అన్నాడు. అమ్మ నవ్వలేదు, పొయ్యి మీద గిన్నె పెట్టింది.

ఆ వారం నుంచి నా తలకు గంజి. చిక్కగా కాచి, చల్లార్చి, వడగట్టి, తలంతా పూసి, వెంట్రుకలన్నీ ఒక్క పిడికిట్లోకి లాగి బ్యాండేజ్ పీలికతో బిగించి కట్టేది. ఆరే కొద్దీ నెత్తి బిగుసుకొని కనుబొమలు పైకి పోయేవి, నవ్వాలన్నా నోరు సాగేది కాదు. "నొప్పా కన్నూ?" అని ముద్దుగా పిలిచి అడిగేది. "లేదుమా" అనేదాన్ని. నొప్పి లేకేమి, ప్రాణం పోయేది! అయినా ఆ ఒక్క గంట అమ్మ చేతుల్లో గుడ్డ ఉండదు, నేను ఉంటాను. నన్ను మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకొని, తన చిన్నప్పుడు తోటలో మామిడి పిందెలు దొంగతనంగా తిని కడుపునొప్పితో దొర్లిన కత, తాత చెప్పులు దాచిపెట్టిన కత చెప్పి, తనే ముందు నవ్వేది. నొప్పంటే గంజి పోతుంది, క్లాసు పోతుంది, ఆ గంట కూడా పోతుంది. చిన్నదాన్నే గానీ అంత తెలివి ఉండింది నాకు.

నవరాత్రిలో ఒక పెద్దింటి బొమ్మల కొలువు ముందర మా ఆట పెట్టినారు. వీధి పొడుగునా శెనగ గుగ్గిళ్ళ సుండల్, కొబ్బరి, ఆవాల తిరగబోత వాసన. ఆ పొద్దు అమ్మ గంజి రెండు పూతలు వేసింది. నేను బాగానే ఆడినాను, అమ్మ వెనక వరసలో నిలబడి కొంగు నోట్లో పెట్టుకొని చూసింది. ఇంటికొచ్చినాక పీలిక ఊడి రాలేదు. వేడినీళ్ళు పోసి నానబెట్టి మెల్లగా లాగితే, వెంట్రుకలు కుచ్చుగా గుడ్డతో పాటే వచ్చేసినాయి, చెవి వెనక చర్మం పుండై రసి కారతా ఉంది. అమ్మ ఆ కుచ్చును అరచేతిలో పెట్టుకొని కూలబడింది. "అడిగితే లేదంటివి గదే" అనింది.

ఆ తర్వాత అమ్మ నా తల ముట్టలేదు. దువ్వెన తీసుకొని పోతే "నా చేతులు మొరటువి, అత్త దగ్గరికి పో" అని పక్కింటి అత్త దగ్గరికి తోలేది. క్లాసు కూడా ఆగిపోయింది. నా పెండ్లి రోజు పార్లరు పిల్ల జడ వేస్తా ఉంటే, అమ్మ వాకిలి దగ్గరే నిలబడి పూలు అందించింది. నీ తప్పేమీ లేదుమా, నువ్వు దగ్గర కూర్చోవాలనే ఆశతో నేనే అబద్ధం చెప్పినాను అని ఎన్నోసార్లు చెప్పబోయినాను, సిగ్గేసి నోరు రాలేదు. పోయినేడు అమ్మ పోయింది. తన చేతులే బిడ్డను ఏడిపించినాయని నమ్ముకొనే పోయింది, ఆ పాపం నాదే. ఎన్ని పూజలు చేసినా నాకు మనసు కుదుటపడలేదు.

పోయిన శనివారం నిత్య కొప్పుకు పిన్నులు గుచ్చుతా "నొప్పా కన్నూ?" అని అడిగినాను. "లేదుమా" అనింది. నేను అడగడం ముగించక ముందే అనింది. నా చేతులు ఆగిపోయినాయి. వల తీసినాను, పిన్నులు ఒక్కొక్కటే తీసినాను. నుదుటి అంచున ఎర్రగా కంది ఉంది, చెవి పైన పొక్కు లేచి ఉంది. అయ్యయ్యో, నా చేత్తో నేనే!

"ఎందుకే చెప్పలేదు?" అని అరిచినాను. ఉలిక్కిపడింది పాపం.

"చెప్తే నువ్వు లేచి అవతలికి పోతావుమా" అనింది, కింద పడిన పిన్ను ఏరుకుంటా. "మిగిలిన రోజులంతా ఆఫీసు, సెల్లు. ఇప్పుడే గదా నా దగ్గర కూర్చుంటావు?"

ఆ మాట నేను మా అమ్మకు చెప్పాల్సిన మాట. నా బిడ్డ అంత సులభంగా చెప్పేసింది.

మా పాత వీధిలో ఇప్పుడు మగ్గాల మోత లేదు, సైజింగ్ షెడ్డు ఉన్న చోట కల్యాణ మండపం లేచింది, సారల్ కూడా పడితే పడుతుంది, లేకుంటే లేదు. నేను జెల్ డబ్బాకు మూత పెట్టినాను. నేల మీద కూర్చొని, పాపను మోకాళ్ళ మధ్యకు లాక్కొని, చేతికి కాస్త కొబ్బరినూనె రాసుకొని, మామిడి పిందెల కత మొదలు పెట్టినాను.

"క్లాసుకు టైమయిందిమా" అనింది నిత్య.

"పరవాలేదులే" అన్నాను. ఆ జుట్టులో చిక్కనేదే లేదు, అయినా దువ్వుతానే ఉండినాను.