జూబ్లీహిల్స్‌లో గడీ స్తంభాలు: ఆ నునుపు ఎవరి చేతులది?

గడీలు చూడ్డానికి డబ్బిచ్చి పోయే మనిషిని కాదు నేను. కానీ ఒక దొరవారి కుటుంబం తమ ఊరి గడీ నుంచి విప్పి తెచ్చిన టేకు స్తంభాలు, దర్వాజలతో జూబ్లీహిల్స్‌లో కట్టుకున్న భవంతిని ఇప్పుడు టికెట్ పెట్టి చూపిస్తున్నారని విన్నాను. ఆరా తీస్తే అది మా అమ్మమ్మ ఊరి గడీయే! అమ్మమ్మ వాళ్ళమ్మ అక్కడ వెట్టి చేసింది. ఏళ్ళ తరబడి, పైసా కూలి లేకుండా, ఆ స్తంభాలకు నూనె పట్టించింది. "మా అవ్వ చేసిన పని గాడ చెప్తున్నరో లేదో సూడాలె బిడ్డా" అంది అమ్మమ్మ. ఎనభై దాటిన మనిషి నోరు తెరిచి అడిగితే కాదంటానా?

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు మధురానగర్‌లో ఆటో ఎక్కాం. యూసుఫ్‌గూడ, చెక్‌పోస్ట్ మీదుగా ఫిల్మ్‌నగర్ వైపు నలభై నిమిషాలు, కిరాయి నూట ఎనభై. చివరి ఎత్తు ఎక్కడానికి బండి నానా అవస్థ పడింది. "గా ఇంటికా అమ్మా? గాడ ఎప్పుడూ షూటింగులే. మొన్న మా తమ్ముడు దొర ముంగట చేతులు కట్టుకొని నిలబడిండు, దినమంతా గదే పని" అన్నాడు డ్రైవర్. "మీ తమ్మునికి పైసలన్నా ఇచ్చిన్రు" అంది అమ్మమ్మ. అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మనిషికి నాలుగు వందలు కట్టి పదిన్నర బ్యాచ్‌లో లోపలికెళ్ళాం. గైడ్ యాభై ఏళ్ళ పెద్దమనిషి, టై కట్టుకుని తేనె పూసినట్టు మాట్లాడతాడు. "పోలీస్ యాక్షన్ తర్వాత పరిస్థితులు బాగోలేక కుటుంబం పట్నం వచ్చేసిందండీ" అన్నాడు. ఎవరికి బాగోలేదయ్యా? జనం వెట్టికి రామన్నారు, అదే కదా నువ్వు చెప్పే పరిస్థితి! నడుమ పల్లంగా రాతి వాకిలి, చుట్టూ ఛాతీ ఎత్తు అరుగు, అచ్చం ఊళ్ళోని కొలతలతోనే కట్టారట. గాలి ఆడడానికట అంత ఎత్తు! కింద నిలబడ్డవాడి తల దొర పాదాల దగ్గరుండాలని కట్టిన అరుగది. అమ్మమ్మ వాకిట్లోకి దిగి నిలబడితే నాకది కళ్ళకు కట్టినట్టు కనబడింది, ఒళ్ళు మండిపోయింది.

తర్వాత స్తంభాల దగ్గరికి తీసుకెళ్ళాడు. అద్దంలా మెరుస్తున్నాయి. "బర్మా టేకు గొప్పతనమండీ, వందేళ్ళైనా చూడండి ఈ నునుపు!" అన్నాడు. అమ్మమ్మ వెళ్ళి ఒక స్తంభం మీద చెయ్యి పెట్టింది.

"గీ నునుపు మా అవ్వ చేతులది సారూ. ఆముదం రాసి రాసి ఆమె అరచేతులు తోలూడినయి. పురుడైన తొమ్మిదోనాడు గూడ పిలిపించిన్రు. గది జెప్పు అందరికి."

గైడ్ ఇబ్బందిగా నవ్వాడు. "ఓనర్లు రాసిచ్చిందే మేం చెప్పాలండీ. అయినా పెద్దమ్మగారూ, అప్పట్లో పనివాళ్ళంతా ఇంట్లో మనుషుల్లానే ఉండేవారు."

"ఇంట్ల మనుషులకు పేర్లుంటయి గద. మా అవ్వ పేరేందో జెప్పు."

దొరల ఐదు తరాల పేర్లు, చివరికి దొర గుర్రం పేరు కూడా గడగడా అప్పజెప్పిన మనిషి చేతిలో కాగితాలు తిరగేస్తూ నిలబడిపోయాడు. ఇంతలో మేనేజర్ పరిగెత్తుకొచ్చింది. "మేడం, మిగతా గెస్టులకు డిస్టర్బ్ అవుతోంది. ప్లీజ్, వెనక గేటు నుంచి వెళ్ళిపోండి."

"వెనక దర్వాజ మా అవ్వ తొక్కి తొక్కి అరగదీసింది. నేను ముందల్నుంచే పోత" అంది అమ్మమ్మ. నా చెయ్యి పట్టుకుని, ఒక్కో అడుగే వేస్తూ, ఆ పెద్ద దర్వాజలోంచే బయటికి నడిచింది. ఎవరూ ఆపలేదు.

వారం దాటినా నా కోపం చల్లారలేదు. చెక్కడాలు బాగున్నాయి, కాదనను. కానీ మనిషి శ్రమను చెట్టు ఖాతాలో వేసి, ఆ మనిషి బిడ్డ దగ్గరే టికెట్ తీసుకోవడానికి ఎంత తెగింపు ఉండాలి! వాళ్ళమ్మ పేరు చెప్పేంత వ్యవధి కూడా అమ్మమ్మకు ఇవ్వలేదు వాళ్ళు. మీరు వెళ్తే పదిన్నర బ్యాచ్‌కే వెళ్ళండి, మధ్యాహ్నం షూటింగ్ ఉంటే రానివ్వరు. గైడ్ టేకు గొప్పతనం మొదలుపెట్టగానే, వీటికి నూనె పట్టించింది ఎవరని అడగండి. తెలియదంటే అందరికీ వినబడేలా మీరే చెప్పండి: రాజవ్వ.