దూలానికి వేలాడిన సైకిల్

నిన్న కర్నూలులో ఒక హోటల్‌కు వెళ్తే, గోడకు అలంకారంగా పాత సైకిల్ వేలాడదీసి ఉంది. అందరూ దాని కింద నిలబడి ఫోటోలు దిగుతున్నారు. నేను మాత్రం దాని వెనక చక్రం వైపే చూస్తూ కూర్చున్నాను.

కోసిగి వైపు నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. అమ్మా నాయనా సుగ్గికి, అంటే దూరపు ఊళ్లకు కూలిపనికి, పోయే ముందురోజు మా సైకిల్ దూలానికి ఎక్కేది. తుప్పు పట్టకుండా నాయన రిమ్ములకు ఆముదం పూసి, తాళ్లతో పైకి కట్టేవాడు. "గాలి దిగినాక నేలమీదుంటే టైర్లు పగుల్తాయి, రిమ్ములు సొట్టపోతాయి. నేనొచ్చేదాకా దించొద్దమ్మా" అని అవ్వకు చెప్పేవాడు.

వాళ్లు పోయాక, పొద్దుగూకే వేళ నేను కట్టెతో వెనక చక్రం తిప్పేదాన్ని. టిక్ టిక్ టిక్ మని, అచ్చం నాయన సందు మలుపు తిరిగినప్పటి చప్పుడే.

"ఏంటికే ఊరికే తిప్పుతాండావు?" అని ఒకరోజు అవ్వ కసిరింది.

"నాయన వచ్చినట్టు ఉంటాదవ్వా."



మరుసటి రోజు బడి నుంచి వస్తుంటే ఇంట్లోంచి ఆ చప్పుడు వినిపించింది. "నాయనా!" అంటూ లోపలికి పరుగెత్తాను.

దూలం కింద కట్టె పట్టుకుని, తల పైకెత్తి, అవ్వ నిలబడి ఉంది.